ఎడమచేతి వాటం

కిందటి వారం పైడిబాబును ఒక కారు వెనక తలుపు మీద అరచెయ్యి ఆన్చి, కదలకుండా నిలబడ్డచోట వదిలిపెట్టాం. ఆ కారు భారతీదేవి టీచరుగారిది. ముప్పై నాలుగేళ్లు పోర్ట్‌బ్లెయిర్ సర్కారీ బడుల్లో తెలుగు చెప్పి రిటైరైన ఆవిడ, అరవై రెండో ఏట డ్రైవింగు నేర్చుకుని జీవితంలో మొదటిసారి కొనుక్కున్న కారు. ముదురు నీలం రంగు. చెన్నై నుంచి ఓడలో వచ్చి నెల కాలేదు. ఉప్పుగాలికి రంగు చెడకుండా చేత్తో పాలిష్ పట్టి మైనం పూత వెయ్యమని ఆస్టినాబాద్‌లో పైడిబాబు షెడ్డుకు తెచ్చి అప్పగించింది. ఆ కారు అమ్మిన షోరూమ్‌లోనే పైడిబాబు కూతురు హేమమాలినికి ఉద్యోగం. బానెట్టూ, టాపూ, ఎడమ పక్కా పూర్తిచేసి కుడి పక్కకి వచ్చిన పైడిబాబు చేతికి వెనక తలుపు మీద తగలకూడనిదేదో తగిలింది. వెలుగు పోతోందని షెడ్డు మూసి ఇంటికి వెళ్లిపోయాడు. భార్య బుల్లమ్మకు కూడా చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న షెడ్డు షట్టరు ఎత్తుతుంటే కుడి భుజం పట్టేసింది. సగం ఎత్తిన షట్టరును మోకాలితో ఆపి, భుజాన్ని ఎడమచేత్తో నొక్కుకుంటూ కాసేపు అలాగే నిలబడ్డాడు. యాభై ఆరేళ్లు. అందులో పందొమ్మిదేళ్లు ఈ గుడ్డా ఈ పాలిషే. ఊళ్లోకి మెషీన్లు వచ్చి చాన్నాళ్లయింది. గంటలో కారు మెరిపించి ఇచ్చేస్తారు. మెషీను అంచుల దగ్గర రంగును అరగదీసేస్తుందని తెలిసినవాళ్లు మాత్రం ఇంకా పైడిబాబు దగ్గరికే వస్తున్నారు. వాళ్లు ఏటా తగ్గుతున్నారు. భుజం నొప్పి ఏటా పెరుగుతోంది.

నీలం కారు షెడ్డు మధ్యలో నిలబడి ఉంది. పైడిబాబు కుడి పక్కనే స్టూలు వేసుకున్నాడు. ముందు నీళ్లు చల్లి, మెత్తటి బంకమట్టిలాంటి ముద్దతో తలుపంతా మెల్లగా రుద్దాడు. ఓడ మీద పట్టిన ఉప్పూ, ఇనుప రజనూ ఆ ముద్దకు అంటుకుని వచ్చేస్తాయి. తుడిచి, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని మళ్లీ నిమిరాడు. ఉత్త చేతికి తెలియని గరుకు కవరు తొడిగిన చేతికి తెలుస్తుంది. ముందు తలుపు మీద చెయ్యి నూనె మీద జారినట్టు జారింది. వెనక తలుపు మీదా జారింది గానీ, ఆ నునుపు అడుగున నారింజ తొక్కలాంటి సన్నటి గరుకు ఉంది. నిన్న సాయంత్రం భ్రమ పడ్డానేమో అనుకోవడానికి ఇక వీల్లేకపోయింది.

తలుపు తెరిచి కీళ్ల దగ్గర చూశాడు. బోల్టుల మూలల్లో రంగు ఊడి ఉంది. స్పానరు పడితే తప్ప అలా ఊడదు. రబ్బరు పట్టీ అంచు మీద నీలం దుమ్ము సన్నగా పడి ఆరిపోయింది. ఈ తలుపును విప్పారు, మళ్లీ రంగు కొట్టారు, మళ్లీ బిగించారు. కొత్త కారు అని చెప్పి అమ్మారు.

ఇంతవరకూ అయితే ఎవరి తప్పో అనుకుని ఊరుకునేవాడేమో. టార్చిలైటు వెలిగించి తలుపు మీద ఏటవాలుగా పట్టాడు.

ఎంత మంచి చెయ్యి పట్టిన పాలిష్‌లోనైనా వెంట్రుక కన్నా సన్నటి గీతలు మిగులుతాయి. మామూలు ఎండలో కనపడవు. చాలామంది గుడ్డను గుండ్రంగా తిప్పుతారు, అందుకని సాలెగూడులా వలయాలు పడతాయి. పైడిబాబు అలా తిప్పడు. కారు పోతుంటే గాలి ఎటునుంచి ఎటు రాసుకుపోతుందో అటే, ముందు నుంచి వెనక్కి, తిన్నగా లాగుతాడు. ఊళ్లో ఇంకెవరూ అలా చెయ్యరు. ఈ తలుపు మీద గీతలు తిన్నగా ఉన్నాయి. ముందు నుంచి వెనక్కి ఉన్నాయి. అయితే గుడ్డ పైకెత్తే చోట ప్రతి గీతా చిన్న కొక్కెంలా పైకి తిరిగింది. కుడిచేతివాడు ఎత్తితే ఆ వంపు కిందికి వస్తుంది.

పైడిబాబు టార్చి ఆర్పేశాడు. మళ్లీ వెలిగించాడు. గీతలు అలాగే ఉన్నాయి.

ఈ వాటం ఆయన ఒక్కరికే నేర్పాడు. హేమకు పన్నెండేళ్లప్పుడు బడి సెలవుల్లో షెడ్డుకు వచ్చేది. ఎడమచేత్తో గుడ్డ పట్టేది. కుడిచేత్తో పట్టమని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. చివర చెయ్యి ఎత్తేటప్పుడు కొక్కెం పడుతోందని కసిరేవాడు. "నీకు తప్ప ఎవడికి కనపడతాది నానా" అనేది. పన్నెండో తరగతికి వచ్చాక ఆయనే ఇక షెడ్డుకు రావద్దన్నాడు. పాలిష్ మందుతో ఆ పిల్ల గోళ్లు నల్లబడడం చూడలేకపోయాడు. డిగ్రీ చదివించాడు. ఫ్యాను కింద కుర్చీ ఉన్న ఉద్యోగం వచ్చినరోజు బుల్లమ్మ వీధంతా పంచిపెట్టిన లడ్డూల రుచి ఆయనకు ఇంకా గుర్తుంది.

స్టూలు మీద కూర్చుండిపోయాడు. కోపం వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. పందొమ్మిదేళ్ల అలసట ఒక్కసారిగా వచ్చి ఒళ్లో కూర్చున్నట్టు అనిపించింది.

తొమ్మిదిన్నరకు షెడ్డు ముందు ఆటో ఆగింది. భారతీదేవి దిగింది. లేత ఆకుపచ్చ నూలు చీర, భుజాన బట్టసంచీ. కారును చూడగానే ఆవిడ నడక మారింది, చిన్నపిల్ల బొమ్మల దుకాణంలోకి వస్తున్నట్టు.

"పైడిబాబూ, పనికి అడ్డు రాను. ఊరికే చూసిపోదామని వచ్చాను. ఇంట్లో నిలవలేకపోతున్నాను."

"రండి టీచరమ్మా." ఆయన లేచి స్టూలు తుడిచి జరిపాడు. "ఇంకా కుడిపక్క ఉండిపోనాది."

ఆవిడ కూర్చోలేదు. బానెట్టు మీదికి వంగి అందులో తన ముఖం చూసుకుంది. "అబ్బ, నా ముడతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు." నవ్వింది. "శనివారం మా వారిని సిప్పీఘాట్ తీసుకెళ్తానని మాటిచ్చాను. ముప్పై ఏళ్లు అక్కడి తోటలో పనిచేశారు. చూపు పోయాక మళ్లీ వెళ్లనేలేదు. లవంగం చెట్టు వాసన చూస్తే చాలు, ఎన్నో వరసో చెప్తానంటున్నారు. ఆటోలో తీసుకెళ్తానంటే రారు. ఆటోవాడు తొందరపెడతాడట. నేను నడిపితే తొందరపెట్టే ధైర్యం నాకు లేదని ఆయనకు తెలుసు."

"ముందు సీట్లో కూకుంటారా?"

"వెనకే. చూపు పోయినా, ముందు కూర్చుంటే ఎదుటి వెలుగు కళ్లలో గుచ్చుతుందంటారు. వెనక, నా సీటు వెనకాలే కూర్చుంటానని ఇప్పటినుంచే చెప్పి పెట్టారు."

పైడిబాబు చూపు కుడి వెనక తలుపు మీదికి పోయి వెనక్కి వచ్చింది.

"బాగుందా పైడిబాబూ, బండి?" ఆవిడ ఆయన ముఖంలోకి చూస్తూ అడిగింది. "నాకేం తెలీదు. నాకు నచ్చింది రంగు, మిగతాదంతా మీ మాటే."

నాలుక చివరదాకా వచ్చిన మాటకు వెనకాల హేమ పేరు కూడా ఉంది. ఒకటి బయటకొస్తే రెండోదీ వస్తుంది.

"రంగు మంచిదే టీచరమ్మా," అన్నాడు.

"హేమే చెప్పింది మీ దగ్గర చేయించమని. షోరూమ్‌లో ఏదో పూత వేస్తామన్నారు. ఆ పిల్ల నన్ను పక్కకి పిలిచి, వద్దు టీచర్, మా నాన్న దగ్గరికి తీసుకెళ్లండి అంది. నా దగ్గర ఎనిమిదో తరగతిలో ఒత్తులన్నీ తప్పు రాసేది. ఇప్పుడు చూడండి, నా చేతికి కారు తాళాలు ఇచ్చింది."

ఆవిడ వెళ్లిపోయాక పైడిబాబు ఫోను తీశాడు. "మజ్జానం షెడ్డుకి రా," అన్నాడు. ఎందుకని హేమ అడగలేదు.

పన్నెండున్నరకు స్కూటీ వచ్చి ఆగింది. హేమమాలిని షోరూమ్ యూనిఫాంలోనే ఉంది. మెడలో గుర్తింపు కార్డు. హెల్మెట్ తీస్తూ, "బ్యాంకు పని ఉందని ఝూట్ చెప్పి వచ్చినాను నానా. ఆధా ఘంటాలో వెళ్లిపోవాలి," అంది. కారు వైపు చూడలేదు.

పైడిబాబు ఉతికి ఆరేసిన మెత్తటి గుడ్డ ఒకటి తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఈ ముందు తలుపుకి మందు రాసీసి ఉంచినాను. నా బుజం పన్జెయ్యట్లేదు. ఒకపాలి తుడిసీ."

హేమ గుడ్డ ఎడమచేతిలోకి తీసుకుంది. ఒకసారి లాగింది. రెండోసారి లాగింది. మూడోసారి గుడ్డ ఎత్తబోతూ చెయ్యి గాలిలో ఆపేసింది. వెనక తలుపు మీద తండ్రి ఏటవాలుగా పట్టిన టార్చి వెలుగును అప్పుడు చూసింది.

"చూసేసినావు," అంది మెల్లగా.

"ఎప్పుడు సేసినావు?"

"ఓడ నుంచి వచ్చిన వారానికి. రెండు రోజులు, ఆఫీసు అయ్యాక."

"ఎవులు సెయ్యమన్నారు?"

"మణికుమార్ సార్." షోరూమ్ మేనేజరు పేరు చెబుతూ ఆమె మెడలోని కార్డును తిప్పి పెట్టుకుంది. "ఓడలో పెట్టె ఏదో రాసుకుని గీత పడ్డాదన్నారు. పెయింటర్ రంగు కొట్టి వెళ్లిపోయినాడు. మెరుపు కలవలేదు. బయటివాళ్లని పిలిస్తే బాత్ ఫైల్ జాయేగీ, నలుగురికీ తెలిసిపోతాది, మీ నాన్న పని నీకు వచ్చు కదా, నువ్వు చేసీ అన్నారు. జనవరిలో నా నౌకరీ పర్మనెంట్ చేస్తారో లేదో ఆయన చేతిలోనే ఉంది నానా. ఒక తలుపు కదా, రంగే కదా అనుకున్నాను."

"టీచరమ్మకి తాళాలు నువ్వే ఇచ్చినావు."

"హా."

"నవ్వుకుంటా ఇచ్చినావా?"

హేమ గుడ్డను సగానికి మడత పెట్టింది. "ఫోటో కూడా తీసినారు," అంది.

రేకు కప్పు వేడికి టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తోంది. పైడిబాబు బక్కెట్లో చేతులు ముంచి, తీసి, మళ్లీ ముంచాడు.

"ఒకటి నాకు అరదం కాలేదు. నా కాడికెందుకు అంపించినావు? షోరూమ్‌లో పూత ఏయించీసుంటే ఈ జన్మకి నాకు తెలీదు గదా."

"నీకు తెలియాలనే."

ఆయన తలెత్తి చూశాడు.

"మూడుసార్లు టీచర్ నంబర్ తీసినాను నానా. ఫోన్ చెయ్యలేకపోయినాను. నీ చెయ్యి పడితే కనిపెడతావని పతా థా, తెలుసు నాకు. నువ్వు కనిపెట్టి టీచర్‌కి చెప్తే..." ఆగిపోయింది.

"నాను సెప్తే నువ్వు సెప్పక్కర్లేదు."

హేమ తల వంచుకుంది. నిజం అంత చిన్న మాటలో పట్టేసేసరికి ఆమెకు దాచుకోవడానికి చోటు లేకపోయింది.

తిడతాడనుకుంది. ఆయన తిట్టలేదు. "నా బుజం మీద ఇంకొకటి పెట్టినావన్నమాట," అన్నాడు అంతే. ఆ గొంతులో ఉన్న అలసటకు ఆమె కళ్లు నిండాయి. తిట్టి ఉంటే ఎదురు చెప్పేదేమో.

"కాయితాల మీద సంతకం ఎవుల్ది?"

"డెలివరీ ఫైల్లో నాదే. ఎవరి బండి ఇస్తే వాళ్లే పెట్టాలి. సార్ పేజీలు తిప్పి వేలు పెట్టి చూపిస్తే అక్కడ పెట్టేసినాను. చదవడానికి టైం ఇవ్వలేదు."

"అందులో ఏటి రాసుందో సదవకుండా పేరు రాసిచ్చీడమేటే? డిగ్రీ సదివినావు. ఇంగ్లీసు వచ్చు నీకు. పేరంటే ఏటనుకున్నావు?" మొదటిసారి ఆయన గొంతు కొంచెం లేచింది. మళ్లీ తగ్గింది. "సర్లే. తలుపొక్కటేనంటావా?"

"ఒక్కటే. గీత నానా, కసమ్ సే, ఒట్టు."

పైడిబాబు అలమారా సొరుగులోంచి పాత స్పీకరు అయస్కాంతం ముక్క తీశాడు. గీత పడకుండా దానికి బట్ట చుట్టి ఉంది. ముందు తలుపుకు ఆన్చాడు. టక్కున పట్టుకుంది. వెనక తలుపుకు ఆన్చాడు. పట్టుకుంది గానీ వేలితో తోస్తే జారింది. రెండు తలుపులూ బార్లా తెరిచి, వాటి మధ్య టాపును మోసే నిలువు పిల్లరుకు ఆన్చాడు. చెయ్యి వదిలాడు. అయస్కాంతం ఊడి ఆయన అరచేతిలోనే పడింది.

హేమ దగ్గరికి వచ్చింది. "అక్కడ ఎందుకు పట్టలేదు?"

"ఇనుముకు పడతాది. సొట్ట పూడ్సీసిన లప్పానికి ఎలాగ పడతాది?"

ఇంకోచోట ఆన్చాడు. మళ్లీ పడిపోయింది. పిల్లరు అంచున ఉన్న రబ్బరు పట్టీని గోటితో మెల్లగా లేపి జానెడు మేర ఊడదీశాడు. దాని వెనక రంగు సరిగ్గా అందని చోట, లప్పం కింద నుంచి గడ్డలు గడ్డలుగా వెల్డింగు కుట్టు కనిపించింది. టార్చి దగ్గరగా పెట్టి కూతురిని చూడమన్నాడు.

"ఇది గీత కాదమ్మా. ఏదో పెద్ద బరువు పక్కనుంచి వచ్చి కొట్టీసింది. వంగిపోయిన ముక్క కోసీసి, ఇంకో ముక్క అతికేరు. పైన లప్పం, పైన రంగు, పైన..." ఆమె చేతిలోని గుడ్డ వైపు చూసి మాట మింగేశాడు. "పక్కనుంచి ఏ బస్సో వచ్చి గుద్దితే లోపలి మనిషిని కాసేది ఈ పిల్లరే. ఇప్పుడు ఇది కాయదు. ఈ ఉప్పుగాలికి లోపల్నుంచి తుప్పు పట్టీసి రెండేళ్లకి దానంతటదే ఇడిపోద్ది. దీని పక్కన ఎవులు కూకుంటారో తెలుసా నీకు?"

"కౌన్?"

"టీచరమ్మ ఆయన, భూషణంగారు. కళ్లు కానరాని మనిషి. శనివారం సిప్పీఘాట్ ఎల్తారంట."

హేమ నేల మీద కూర్చుండిపోయింది. యూనిఫాం ప్యాంటుకు తడి అంటుకుంటోందన్న ధ్యాస కూడా లేదు. "ముఝే నహీఁ పతా థా నానా, నాకు తెలీదు. గీత అన్నారు. గీతేనని నేను..." గుడ్డను రెండు చేతులతో నలుపుతోంది. తను రెండు సాయంత్రాలు మెడ విరిగేలా వంగి మెరిపించింది దేన్నో ఇప్పుడు ఆమెకు తెలిసింది.

పైడిబాబు ఆమె పక్కనే, తడి నేల మీదే, మోకాలు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. రోడ్డు మీద గారాచర్మ వైపు పోయే బస్సు హారను కొడుతూ వెళ్లింది.

"టీచరమ్మకి సెప్పాల," అన్నాడు చివరికి.

"నౌకరీ పోతాది."

"పోద్ది."

"నీకు షోరూమ్ నుంచి ఒకటీ అరా వచ్చే బళ్లు కూడా రావు."

"రావు."

"అమ్మ..."

"అమ్మకి నాను సెప్పుకుంటాను. టీచరమ్మకి మాత్రం నాను సెప్పను. నువ్వే సెప్పాల. నాను నీ పక్కన కూకుంటాను. స్కూటీ తియ్యి."

హేమ లేచి ముఖం కడుక్కుంది. ఫోను మోగుతోంది, షోరూమ్ నుంచి. ఆపేసి జేబులో పెట్టుకుంది. పైడిబాబు కారు తలుపులన్నీ మూసి, తాళం వేసి, తాళం చెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. సగం పాలిష్ పట్టిన కారును పట్టపగలు అలా వదిలి షెడ్డు మూయడం పందొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

మిడిల్ పాయింట్‌లో భారతీదేవి వాళ్లది మేడ మీద ఇల్లు. మెట్లెక్కేసరికి పైడిబాబుకు ఆయాసం వచ్చింది. వరండాలో పడక్కుర్చీలో కూర్చున్న భూషణం, అడుగుల చప్పుడు విని తల తిప్పాడు. "ఇద్దరు. ఒకరు మెట్టు మెట్టుకీ ఆగుతున్నారు. ఎవరండీ?"

"నానేనండి, పైడిబాబుని. కూడా మా అమ్మాయి."

"మన కారు డాక్టరుగారు వచ్చారు భారతీ," అని లోపలికి కేకేశాడు ఆయన. "పని అప్పుడే అయిపోయిందా?"

భారతీదేవి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసి, టీ పెడతానన్న మాట మధ్యలోనే ఆపి, కుర్చీలు చూపించింది. హేమ కూర్చోలేదు. బళ్లో పాఠం అప్పజెప్పే పిల్లలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

మొదలైతే పెట్టింది గానీ నాలుగు మాటలకే తెలుగు తడబడింది. మిగతాది హిందీలోకి జారిపోయింది. మళ్లీ తెలుగులోకి వచ్చింది. ఓడ, గీత, మేనేజరు, రెండు సాయంత్రాలు, తాళాలు, ఫోటో, ఇవాళ ఊడిపడిన అయస్కాంతం. ఏదీ వదల్లేదు. మేనేజరు చెప్పమన్నాడని ఎక్కడెక్కడ అనొచ్చో అక్కడ కూడా "నేను చేసినాను" అనే అంది. పక్కన కూర్చున్న పైడిబాబు నేలవైపు చూస్తూ విన్నాడు. కూతురి మీద జాలి వేసింది, ఏదో గర్వం లాంటిదీ కలిగింది.

భారతీదేవి ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. హేమ చెప్పడం ఆపాక భూషణమే మాట్లాడాడు.

"ఆ పిల్లరు నేను కూర్చునే పక్కదేనా?"

"అవునండి," అన్నాడు పైడిబాబు.

"ఊఁ." ఆయన కుర్చీ చేతిని వేళ్లతో తడిమాడు. "ఇంకొన్నాళ్లు ఆగుతాయిలే లవంగం చెట్లు."

ఆ మాటకు భారతీదేవి కళ్లు మూసుకుని తెరిచింది. కోపం వచ్చినప్పుడు ఆవిడ గొంతు ఎప్పుడూ పెరగదు, ఇంకా తగ్గుతుంది. ముప్పై నాలుగేళ్ల శిష్యులందరికీ అది తెలుసు. "హేమా, నువ్వు చెప్పిందంతా అర్థమైంది. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. వచ్చి చెప్పావు కాబట్టి నిలబడి వింటున్నాను. ఆ షోరూమ్‌వాళ్ల సంగతి రేపు పొద్దున్న చూస్తాను. నాకు అర్థంకానిది ఇంకొకటుంది."

లోపలికి వెళ్లి ప్లాస్టిక్ ఫైలు ఒకటి తెచ్చింది. కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పింది. మధ్యలో ఒక కాగితం దగ్గర ఆగింది.

"కారు తీసుకునే ముందురోజు నాకు అనుమానం వచ్చింది. సముద్రం మీద వచ్చిన బండి, ఏమైనా అయిందేమోనని అడిగాను. మణికుమార్ ఈ కాగితం చూపించాడు. ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెప్తాను వినండి. ఈ బండి రంగునూ, బాడీనీ నేను పూర్తిగా పరీక్షించాను. ఎక్కడా దెబ్బగానీ, మరమ్మతుగానీ, తిరిగి రంగు వేసిన గుర్తుగానీ లేవు. కింద సంతకం." ఆవిడ తలెత్తింది. "వాళ్ల మాట నమ్మి తీసుకోలేదు నేను. ఈ సంతకం చూసి తీసుకున్నాను. ఇది మీ పేరు పైడిబాబూ."

హేమ గబుక్కున ముందుకు వచ్చి చూసింది. "ఝూట్, టీచర్. నాన్న ఆ బండిని అప్పటికి చూడనే లేదు. మణికుమార్ సారే పెట్టేసుంటాడు. నకిలీ ఇది. చెప్పు నానా."

పైడిబాబు కాగితం అందుకుని వరండా వెలుతురు వైపు తిరిగాడు. పైన అంతా టైపు చేసిన ఇంగ్లీషు, ఆయనకు ఒక్క అక్షరం రాదు. కింద తెలుగులో తన పేరు. మొదటి అక్షరం తోక అవసరానికి మించి కిందికి దిగి ఉంది. ఎంత జాగ్రత్తగా రాసినా అది అలాగే దిగుతుంది.

ఆగస్టులో ఒక వానరోజు మణికుమార్ షెడ్డుకు వచ్చాడు. షోరూమ్ పాలిష్ పనంతా ఇకనుంచి నీకే, కాంట్రాక్టు కాగితాలు తరవాత టైపు చేయించుకుంటాం, కింద సంతకాలు పెట్టు భయ్యా అన్నాడు. చేతులకు మందు అంటి ఉంటే తనే గుడ్డ అందించాడు. పైడిబాబు చేతులు తుడుచుకుని ఖాళీ కాగితాల మీద పేరు రాసిచ్చాడు. ఒకటి కాదు, నాలుగు. ఇంట్లో చెబుదామనుకుని, పని వచ్చాక చెబితే బాగుంటుందని ఊరుకున్నాడు. ఆ కాంట్రాక్టు రానేలేదు, తరవాత మరిచిపోయాడు.

నాలుగింట్లో ఒకటి ఇప్పుడు ఆయన చేతిలో ఉంది. మిగతా మూడూ ఏ ఫైళ్లలో, ఎవరి ఇళ్లలో ఉన్నాయో. ఆ ఇళ్లవాళ్లు ఈపాటికి ఏ రోడ్డు మీద, ఎవరిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పోతున్నారో.

"నానా," అంది హేమ. ఆమె గొంతులో అనుమానమన్నదే లేదు.

భారతీదేవి కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. "మీరు చెయ్యని పనికి మీ పేరు వాడుకున్నారంటే, అది వేరే సంగతి. మీ మీద నాకు పట్టింపేమీ ఉండదు. కాదని ఒక్క మాట అనండి పైడిబాబూ. నేను నమ్ముతాను."

ఆయన సంతకానికి కింద, రెండు అంగుళాల దూరంలో, బండి అప్పగించినవారు అన్నచోట హేమమాలిని సంతకం ఉంది. కాదని ఆయన అంటే ఆ కాగితం మీద అసలైన సంతకం అదొక్కటే మిగులుతుంది, నేరమంతా హేమ మీద పడుతుంది.

పైడిబాబు కాగితాన్ని బల్ల మీద పెట్టి, టీచరుగారి కళ్లలోకి చూసి, నోరు తెరిచాడు.